బట్టతల మీద నాట్లు - రెండొందల ఏళ్ళ నొప్పి కథ

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఎవరు ఎవర్ని అడిగినా రెండే ప్రశ్నలు. ఎంతవుతుంది? నొప్పి ఉంటుందా? మొదటిదానికి కుదురుకింత అని లెక్కగట్టి చెప్పేస్తారు. రెండోదానికి మాత్రం అందరిదీ ఒకటే జవాబు - "అబ్బే, అస్సలుండదు సార్". మాదాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా హోర్డింగుల మీద కూడా అదే మాట. మా ఆఫీసులో ముప్ఫై దాటని వాళ్ళే సగం మంది ఈ లెక్కల్లో ఉన్నారు. నా నుదురు కూడా ఏటా కొంచెం విశాలమవుతోంది కాబట్టి నాకూ ఇందులో స్వప్రయోజనం లేకపోలేదు :). అందుకని ఓ నెలరోజులు ఈ ఆపరేషన్ పుట్టుపూర్వోత్తరాలు కూర్చుని చదివాను. చదువుతుంటే తెలిసిందేంటంటే, ఇందులో జుట్టు కథ సగమే. మిగతా సగం నొప్పి కథ. రెండూ మొదటినుంచీ పెనవేసుకునే వచ్చాయి.

ఎంతగా అంటే, రెండు కథలూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ఆయన పేరు యోహాన్ ఫ్రీడ్రిష్ డీఫెన్‌బాక్, జర్మనీ. 1822లో వ్యూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన రాసిన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం చర్మాన్నీ, వెంట్రుకల్నీ ఒకచోట నుంచి తీసి ఇంకోచోట నాటడం గురించే. జంతువుల మీద చేసి ఊరుకోలేదు. తన తలలోంచే ఆరు వెంట్రుకలు పీకి, తన చేతిమీద సూదితో కన్నాలు పొడిచి, అందులో నాటుకున్నాడు. కొన్ని ఎండిపోయాయి, కొన్ని వాపొచ్చి బయటికి వచ్చేశాయి, కొన్ని మాత్రం పట్టుకున్నాయి. అప్పటికి మత్తుమందు లేదు. ఈథర్ లేదు, క్లోరోఫామ్ లేదు, సూదిమందు సంగతి సరేసరి. పీకేటప్పుడూ నొప్పే, పొడిచేటప్పుడూ నొప్పే. ఇంతాచేసి ఆయనకి బట్టతల బాధేమీ లేదు, కేవలం కుతూహలం.

తర్వాత ఈయన బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో పెద్ద సర్జనయ్యాడు. తెగిన ముక్కుల్ని మళ్ళీ తయారుచెయ్యడంలో యూరప్ అంతా పేరు మోగిపోయింది. (నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతి యూరప్‌కి మన దేశంనుంచే చేరింది. 1794లో ఒక లండన్ పత్రికలో పుణె వైపు జరిగిన అలాంటి ఆపరేషన్ గురించి బొమ్మతో సహా పడిన ఉత్తరం చూసి అక్కడివాళ్ళు నేర్చుకున్నారు. ఆ కథ ఇంకోసారి.) పాతికేళ్ళపాటు ఆయన కత్తి కింద పడుకున్నవాళ్ళందరూ స్పృహలో ఉండి, నలుగురు గట్టిగా పట్టుకుంటే, అరుస్తూ చేయించుకున్నవాళ్ళే. 1846 అక్టోబర్ 16న బాస్టన్‌లో ఈథర్ పనిచేస్తుందని అందరిముందూ రుజువైంది. కొన్ని నెలలకే ఆ కబురు బెర్లిన్ చేరింది. 1847లో డీఫెన్‌బాక్ నొప్పికి విరుగుడుగా ఈథర్ అనే విషయం మీద ఏకంగా పుస్తకం రాశాడు. అదే ఏడాది నవంబర్‌లో పోయాడు. వెంట్రుక నాటిన తొలి డాక్టర్లలో ఒకడు, నొప్పి లేని ఆపరేషన్ గురించి రాసిన తొలి డాక్టర్లలో ఒకడు, ఒక్కడే. కాకపోతే ఈ రెంటినీ ఒకచోట కలిపే అవకాశం ఆయనకి రాలేదు.

ఎందుకు రాలేదంటే ఈథర్ మనిషిని మొత్తంగా పడుకోబెట్టేస్తుంది. ప్రాణం మీదకొచ్చినప్పుడు సరే, నెత్తిమీద నాలుగు వెంట్రుకల కోసం అంత సాహసం ఎవడు చేస్తాడు? తలమీద జానెడు మేర మాత్రమే మొద్దుబారితే చాలు, మనిషి మేలుకునే ఉండాలి. అలాంటి మందు కోసం ఇంకో నలభై ఏళ్ళు ఆగాల్సొచ్చింది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కొకైన్ చుక్కలు కంట్లో వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. కొకైన్ అలవాటు పడితే వదలదు, మోతాదు మించితే చంపుతుంది. 1904 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ ఐన్‌హోర్న్ ప్రొకైన్ తయారుచేశాడు. ఆ మధ్యలోనే జపాన్‌కి చెందిన తకమినె జోకిచి అమెరికాలో ఎడ్రినలిన్‌ని శుద్ధంగా వేరుచేశాడు, హైన్రిష్ బ్రౌన్ అనే జర్మన్ సర్జన్ దాన్ని మొద్దుబారే మందులో కలిపాడు. ఎడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది కాబట్టి రక్తం తక్కువ కారుతుంది, మందు అక్కడే ఎక్కువసేపు నిలబడుతుంది. తలమీద చిన్న గాటు పడినా రక్తం ఎలా కారుతుందో క్రికెట్ ఆడేవాళ్ళందరికీ తెలుసు. ఎడ్రినలిన్ లేకపోతే ఈ ఆపరేషనే లేదు.

చివరికి 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడొకైన్ తయారుచేశాడు. ఆయన శిష్యుడు బెంగ్ట్ లుంక్విస్ట్ దాన్ని తనకి తానే పొడుచుకుని పరీక్షించాడు. 1948లో ఆస్ట్రా కంపెనీ దాన్ని జైలొకైన్ పేరుతో బజారులోకి తెచ్చింది. పన్ను పీకించుకున్న ప్రతివాడికీ తెలిసిన మందే. ఇప్పటికీ మన నెత్తిమీద ఎక్కేది అదే.

మందు సంగతి ఇలా ఉంటే, నాట్ల సంగతి జపాన్‌లో నడిచింది. 1939లో ఒకుదా షోజి అనే చర్మవైద్యుడు గుండ్రటి చిన్న పంచ్‌తో, అంటే గొట్టంలాంటి పదునైన కత్తితో, జుట్టున్న చర్మాన్ని బిళ్ళలుగా తీసి, కాలిన మచ్చలమీద, కనుబొమలమీద, మీసాల దగ్గర నాటి, సుమారు రెండొందల మంది వివరాలు జపనీస్‌లో అచ్చు వేయించాడు. ఆయన చూసినవాళ్ళకి జుట్టు లేకపోవడం అందం సమస్య కాదు, కాలిన గాయం సమస్య. వాళ్ళు నొప్పి సంగతి అడిగి ఉంటారని నేననుకోను, అంతకన్నా పెద్ద నొప్పి చూసినవాళ్ళు. ఇంతలో యుద్ధం వచ్చింది. జపాన్ పత్రికలు పడమటి దేశాలవాళ్ళు చదవలేదు. డాక్యుమెంటేషన్ ఉండి కూడా ఎవడూ చదవకపోతే ఏమవుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. అదే పని న్యూయార్క్‌లో మళ్ళీ మొదట్నుంచీ చేశారు.

అక్కడికి వెళ్ళేముందు చిన్న పిట్టకథ. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే ఆయన, యుక్తవయసుకి ముందే వృషణాలు పోయిన మగవాళ్ళకి బట్టతల రాదనీ, వాళ్ళకి మగ హార్మోన్ ఎక్కిస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకి వచ్చేస్తుందనీ చూపించాడు. అంటే బట్టతలని నిక్కచ్చిగా ఆపే ఆపరేషన్ ఒకటి ఉంది. దానికి మాత్రం ఎవరూ అపాయింట్‌మెంట్ తీసుకోలేదు :)

న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ 1952లో మామూలు మగ బట్టతల మీద తొలిసారి ఈ నాట్లు వేశాడు. ఆయన కనిపెట్టిన అసలు సంగతి ఏంటంటే, వెంట్రుక ఎక్కడ నాటామన్నది ముఖ్యం కాదు, ఎక్కడినుంచి తెచ్చామన్నదే ముఖ్యం. తల వెనక భాగంలో జుట్టు హార్మోన్‌కి లొంగదు, ముందుకి తెచ్చి నాటినా లొంగదు. ఈ మాట మొదట ఒక పత్రిక నమ్మక పేపర్ తిప్పి పంపింది. 1959లో న్యూయార్క్ సైన్స్ అకాడమీ వాళ్ళ సంచికలో వచ్చింది.

పల్లెటూరి నేపథ్యం ఉన్నవాళ్ళకి ఇది వరినాట్లు అని చెప్తే చాలు. తల వెనక భాగం నారుమడి, ముందు భాగం పొలం. మనం జుట్టు కుదుళ్ళు అనే మాటే పొలంలో వరి కుదుళ్ళకీ వాడతాం. ఒరెంట్రైక్ కాలంలో ఇబ్బంది ఏమిటంటే, వాళ్ళు నారు ఒక్కొక్క కుదురుగా తీయలేదు, గడ్డపారతో పెళ్ళలు పెళ్ళలుగా తీశారు. నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళ, దాంట్లో పది నుంచి ఇరవై వెంట్రుకలు. ముందు అదే సైజులో బట్టతల చర్మానికి కన్నం పెట్టి, అందులో ఈ బిళ్ళ కూర్చడం. వెనక తీసినచోట కన్నాలు తెరిచే వదిలేసేవాళ్ళు, అవే మానాలి. ఒక్కరోజులో అయ్యేది కాదు, నెలల ఎడంతో నాలుగైదు సార్లు వెళ్ళాలి. లిడొకైన్ ఉంది కాబట్టి కోసేటప్పుడు నొప్పి తెలీదు. ఇంటికెళ్ళాక తెలుస్తుంది. ఆ రాత్రి వెనక్కి పడుకోలేరు, ముందు కట్టు, వెనక పుండు.

ఇంత చేసినా చివరికి వచ్చేది బొమ్మల తలమీద కుట్టిన జుట్టులాగా కుచ్చులు కుచ్చులుగా, మధ్యలో ఖాళీలతో. గాలి వీస్తే బండారం బయటపడేది. వయసు పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న సొంత జుట్టు రాలిపోయి, ఈ కుచ్చులు మాత్రం మొండిగా నిలబడేవి. ఒంటి నొప్పి వారంలో పోయింది, ఈ నొప్పి మాత్రం ముప్ఫై ఏళ్ళు ఉంది. అప్పుడు చేయించుకున్నవాళ్ళు చాలామంది ఆ పాత బిళ్ళలు తీయించుకోడానికి మళ్ళీ ఆపరేషన్లు చేయించుకున్నారు.

మన శతకాల్లో ఎండకి నెత్తి మాడిన బట్టతలాయన నీడకోసం తాటి చెట్టు కిందకి వెళ్తే కాయ సరిగ్గా నెత్తిమీదే పడుతుంది, బళ్ళో అందరం చదువుకున్నదే. 1970, 80 దశకాల్లో అమెరికాలో బట్టతల ఉన్నవాళ్ళని చూస్తే నాకు ఆయనే గుర్తొచ్చాడు. బిళ్ళలు బాలేవని వేరే నీడ వెతుక్కున్నవాళ్ళకి అన్నీ తాటికాయలే పడ్డాయి.

ఒకటి స్కాల్ప్ రిడక్షన్. సాఫ్ట్‌వేర్ వాడు ఆలోచించినట్టే ఉంటుంది - జుట్టు పెంచలేకపోతే బట్టతల వైశాల్యం తగ్గించు. నడినెత్తిన బట్టతల చర్మాన్ని కోసి తీసేసి, రెండు పక్కల జుట్టున్న చర్మాన్ని లాగి మధ్యలో కుట్టడం. నెత్తిమీద చర్మం పొట్టమీద చర్మంలా సాగదు, దాని కింద గేలియా అని గట్టి పొర ఉంటుంది. లాగి కుట్టాక తల చుట్టూ బిగించిన బెల్టు పెట్టినట్టు ఉండేదట, తలనొప్పి రోజుల తరబడి. అంత ఓర్చుకున్నా నెలలు గడిచేసరికి లాగిన చర్మం మళ్ళీ సాగి బట్టతల కొంత తిరిగొచ్చేది. కుట్టు దగ్గర జుట్టు చెరోపక్కకి విడిపోయి గాడిలా కనిపించేది. అలాగే ముందుగా నెత్తి చర్మం కింద బెలూన్ పెట్టి, వారం వారం సెలైన్ ఎక్కించి ఉబ్బించి, సాగిన చర్మాన్ని కోసి కప్పే పద్ధతి ఒకటి. కాలిన గాయాలవాళ్ళకి అది నిజంగా వరమే. బట్టతల కోసం అన్ని వారాలు తల మీద తల వేసుకుని తిరగడం మాత్రం నాకు మింగుడుపడదు. అర్జెంటీనాలో హోసె జూరి 1975లో చెప్పిన పద్ధతిలో అయితే చెవి పైనుంచి నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చర్మపు పట్టీని ఒకవైపు అతుకు ఉంచి తిప్పి నుదుటిపైన కుట్టేవాళ్ళు. రక్తప్రసరణ అలవాటుపడాలని విడతలు విడతలుగా చేసేవాళ్ళు. సరిగ్గా కుదిరితే ఒత్తుగా వచ్చేది, కుదరకపోతే పట్టీ కొస చచ్చి నల్లబడేది.

అన్నిటికన్నా ఘోరం కృత్రిమ వెంట్రుకలు. ప్లాస్టిక్ పోగుల్ని నేరుగా నెత్తిలో గుచ్చడం. శరీరానికి ముల్లు గుచ్చుకున్నా, పోగు గుచ్చుకున్నా ఒకటే, బయటికి నెట్టడానికే చూస్తుంది. చీము, వాపు, దురద, విరిగిన పోగులు లోపలే ఉండిపోవడం. 1983లో అమెరికా ఎఫ్‌డీఏ వీటిని నిషేధించింది. వైద్య పరికరాల్లో ఆ సంస్థ పూర్తిగా నిషేధించిన మొట్టమొదటిది ఇదే. డీఫెన్‌బాక్ చేతిమీద వాపొచ్చి బయటికొచ్చిన వెంట్రుకలు నూటఅరవై ఏళ్ళ ముందే ఈ పాఠం చెప్పాయి.

దారి మారింది ఒక సూక్ష్మదర్శిని వల్ల. 1984లో జాన్ హెడింగ్టన్ నెత్తి చర్మాన్ని అడ్డంగా కోసి చూసి, వెంట్రుకలు ఒంటరిగా పెరగవనీ, ఒకటి నుంచి నాలుగు కలిసి ఒక కుదురుగా ఉంటాయనీ రాశాడు. ఆయన ఉద్దేశం నాట్లు కాదు, చర్మ నిర్మాణం. టెక్సస్‌లో బాబీ లిమ్మర్ 1988 నుంచి, వెనకనుంచి ఒక పొడుగాటి చర్మపు పట్టీ కోసి, స్టీరియో మైక్రోస్కోప్ కింద దాన్ని కుదురు కుదురుగా విడదీసి నాటడం మొదలెట్టాడు. గడ్డపార పోయి, నారు తీసే చెయ్యి వచ్చింది. ఫలితం సహజంగా ఉంది, ముందువైపు గాట్లు సూది మొనంత. వెనక మాత్రం చెవినుంచి చెవిదాకా కుట్టు. ఆ కుట్టు బిగువుకి తల వంచలేరు, రెండు మూడు రాత్రులు నిద్ర పట్టదు. మచ్చ గీతలా జన్మంతా ఉంటుంది.

తర్వాతి మెట్టు పట్టీ లేకుండా నేరుగా తలనుంచే ఒక్కొక్క కుదురునీ ఒక మిల్లీమీటర్ అటూఇటూ పంచ్‌తో తీయడం. జపాన్‌లో ఇనబా మసుమి 1988లోనే ఒక మిల్లీమీటర్ సూదితో ఇది చెప్పాడు. (మళ్ళీ జపానే ముందు.) 2002లో రాస్‌మన్, బెర్న్‌స్టైన్ బృందం ప్రచురించిన పేపర్‌తో ఎఫ్‌యూఈ అన్న పేరు ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు ఇస్తాంబుల్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఎక్కువ చేసేది ఇదే. ఆపరేషన్ తర్వాత నొప్పి ఇందులో నిజంగా తక్కువ, చాలామందికి మామూలు పారాసిటమాల్‌తో గడిచిపోతుంది. హోర్డింగ్‌లో మాట అబద్ధం కాదు, కాకపోతే అసంపూర్ణం. ఆరేడు గంటలు, సగంసేపు బోర్లా, కదలకుండా పడుకోవాలి. పొద్దున్న పడుకున్నవాడికి సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేసి తల ప్రాణం తోకకొస్తుంది. తల నొప్పి పుట్టదు, మిగతా ఒళ్ళంతా పుడుతుంది.

అసలు నొప్పి ఎక్కడంటే నొప్పి తెలియకుండా ఇచ్చే సూది దగ్గర. ఎడ్రినలిన్ సీసాలో చెడిపోకుండా ఉండాలంటే ద్రావణం ఆమ్లంగా ఉండాలి. అందుకే లోపలికి వెళ్ళేటప్పుడు నిమ్మరసం పుండుమీద పిండినట్టు మండుతుంది. తలకి ముందువైపు నాడులు నుదుటి ఎముక పైనుంచి, వెనకవి మెడనుంచి వస్తాయి కాబట్టి, ముందు ఆ నాడుల్ని మొద్దుబార్చి, తర్వాత తల చుట్టూ వరసగా పొడుస్తారు. మొదటి అయిదు నిమిషాలే గట్టివి. దీన్ని తగ్గించే కిటుకులన్నీ చిన్నవే. మందులో వంటసోడా జాతి బైకార్బొనేట్ కలపడం, ఒంటి వేడికి తేవడం, సన్నటి సూది, మెల్లగా నొక్కడం. ఇంకొకటి, సూది గుచ్చే పక్కనే వైబ్రేటర్ పెట్టడం. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు వెన్నుపాములో ఒక గేటు ఉంటుందనీ, స్పర్శ సంకేతాలు ఎక్కువైతే అది నొప్పిని ఆపుతుందనీ సిద్ధాంతం చెప్పారు. దెబ్బ తగిలితే చేత్తో రుద్దుకోవడం ఎందుకు పనిచేస్తుందో దానికి వివరణ. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, తీరికతో కూడినవి. రోజుకి ముగ్గుర్ని పడుకోబెట్టే చోట మెల్లగా నొక్కే తీరిక ఎవరికుంటుంది?

తర్వాతి రోజుల సంగతి చాలామందికి చెప్పరు. ఎక్కించిన ద్రవం గురుత్వాకర్షణకి లొంగి మూడో రోజుకి నుదుటిమీదకి, ఆపైన కళ్ళమీదకి దిగుతుంది. అద్దంలో ముఖం గుర్తుపట్టలేనంతగా వాచి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. తలగడలు ఎత్తుపెట్టి వెల్లకిలా పడుకోవాలి. పొక్కులు, దురద, గోకకూడదు. వెనక కొంత మేర నెలల పాటు మొద్దుగా ఉండొచ్చు. రెండు మూడు వారాలకి నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. నాట్లు వేశాక పైరు ముందు పసుపుపచ్చగా మారి తర్వాత తేరుకున్నట్టు, కుదురు లోపల బతికే ఉండి మూడు నాలుగు నెలలకి మొలకెత్తుతుంది, పూర్తిగా తెలియడానికి ఏడాది. ముందే తెలియనివాడికి ఆ రాలడమే అన్ని నొప్పుల్లోకీ పెద్ద నొప్పి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన లెక్క. ఎడ్రినలిన్ కలిపిన లిడొకైన్‌కి వాడుకలో ఉన్న హద్దు కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 490. రెండు శాతం మందులో మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు, అంటే సుమారు 24 మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే 30 మిల్లీలీటర్ల సీసా ఒకటి ఖాళీ కాకముందే హద్దు వచ్చేస్తుంది. తలంతా మొద్దుబార్చాలి, ఏడు గంటలు నిలవాలి, మధ్యలో మత్తు తగ్గితే మళ్ళీ పొడవాలి. అందుకే తెలిసినవాళ్ళు మందుని బాగా పల్చన చేస్తారు, గంటగంటకీ ఎంత వెళ్ళిందో రాస్తారు. హద్దు దాటితే పెదాలు తిమ్మిరెక్కుతాయి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, ఆపైన గుండె. మందుకి ఎలర్జీ వస్తే అది ఇంకో దారి. నొప్పి లేకుండా చేస్తామనడం తేలిక, ఆ లేకుండా చేసేది కూడా మందే, దానికీ ఒక మోతాదుంది.

2016 మేలో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, ఇరవై రెండేళ్ళవాడు, ఈ ఆపరేషన్ చేయించుకున్న రెండు రోజులకే చనిపోయాడు. 2019లో ముంబైలో ఒక వ్యాపారి. కొండకి వెంట్రుక వేసి లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు మనవాళ్ళు. ఇక్కడ లెక్క తిరగబడింది. 2022 సెప్టెంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ ఈ ఆపరేషన్‌కి మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందకి రాదని అందులో రాయాల్సొచ్చిందంటే అప్పటికి పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

మా టీమ్‌లో ఒకతను వచ్చే నెల చేయించుకుంటున్నాడు. నేను చదివిందంతా చెప్తే జడుసుకోలేదు కానీ, ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. సూది ఎవరు వేస్తారు? మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు, ఎవరు లెక్క రాస్తారు? ఏడు గంటలూ డాక్టర్ గదిలో ఉంటాడా? ఫిట్స్ వస్తే చేతికందే దూరంలో ఏముంది? మొదటిచోట కౌన్సిలర్ అమ్మాయి "అవన్నీ మా టీమ్ చూసుకుంటుంది సార్, ఈ వారం ఆఫర్ ఉంది" అంది. రెండోచోటా దాదాపు అదే. మూడోచోట డాక్టరే వచ్చి ఎదురుగా కూర్చుని, జవాబు చెప్పేముందు "మీ బరువెంత?" అని అడిగాడట. అడ్వాన్స్ అక్కడ కట్టొచ్చాడు.